తేదీ లేని పేజీ

పటమటలోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఇల్లు మారుతూ అటక మీది సామాను దింపుతుంటే పాత కంప్యూటరు డిస్కొకటి బయటపడింది. మా అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. దానికి పాత వస్తువు కనిపిస్తే విప్పి చూడందే నిద్ర పట్టదు. ఏవో తీగలు తగిలించి డిస్కును తెరిచింది. కాసేపటికి గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. "నాన్నా, ఇదేం పని! వెబ్ పేజీ మొత్తం సి ప్రోగ్రాములో, ఒక్కో వరుసా చేత్తో ప్రింటు చేయించావా? ఎవరైనా ఇలా రాస్తారా?" అంది. రాసేవాళ్ళు లేకపోతే అది అక్కడ ఎలా ఉంటుందే అన్నాను. ఇంకొంచెం కిందికి వెళ్ళి ఆగింది. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఈ తేదీ వరుస ఒక్కటీ ఎందుకు ఆపేశావు?" అంది. బరువు తగ్గించడానికమ్మా అన్నాను. అది వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పదిహేడు బైట్లు నాన్నా. పదిహేడు బైట్లు కూడా ఒక బరువేనా?" అని మళ్ళీ నవ్వింది. నేను లేచి వంటింట్లో అట్టపెట్టెలు కట్టే పనిలో పడ్డాను.

ప్రతి మార్పుకూ ముందు ఒక కాపీ దాచిపెట్టే అలవాటు నాది. ఆ డిస్కులో ఆ ప్రోగ్రాముకు తొమ్మిది కాపీలున్నాయి. మా అమ్మాయి తెరిచింది నాలుగోది. మిగిలిన ఎనిమిదింటిలో తేదీ ఉంది. ఆ ఒక్క కాపీ మాత్రం మా పెదనాన్న ఊళ్ళో నలభై ఆరు రోజులు నడిచింది.

నేను కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాను. గవర్నర్‌పేటలో ఒక పంపుసెట్ల దుకాణంలో స్టాకు రాసే గుమాస్తాని. అంకెలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. బస్సెక్కితే టికెట్టు నంబరు కూడి చూసేవాణ్ణి, సినిమాకు వెళితే హాల్లో కుర్చీలు గుణించేవాణ్ణి. దుకాణం వెనక సందులో పాత పుస్తకాలాయన దగ్గర సి భాష పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పద్దెనిమిది పేజీలు లేవు, అందుకే దాన్ని ఎవరూ కొనలేదు. ఆ పద్దెనిమిది పేజీల్లో ఏముందో ఊహించుకుంటూ మిగతాది నేర్చుకున్నాను. వెబ్ పేజీల కోసం తేలికైన భాషలు వేరే ఉన్నాయని నెట్ సెంటరు కుర్రాళ్ళు చెప్పేవారు. నాకు వచ్చింది ఇదొక్కటే. ప్రోగ్రాము ఎక్కడో సర్వరు మీద నడుస్తుంది, తన ఫలితాన్ని వరుస తర్వాత వరుసగా అచ్చు వేసి పంపుతుంది, ఆ వరుసల్నే ఫోను పేజీగా చూపిస్తుంది. లావు అక్షరాలు కావాలన్నా, పట్టిక కావాలన్నా ఆ గుర్తులన్నీ మన చేత్తోనే ప్రింటు వరుసల్లో పెట్టాలి. శుభలేఖ మూలలకు పసుపు పూసినట్టు, అన్నిటికంటే ముందు "ఇది హెచ్‌టీఎమ్‌ఎల్" అని, అంటే రాబోయేది వెబ్ పేజీ అని, చెప్పే వరుసొకటి ఉండాలి. దాని కింద ఒక ఖాళీ వరుస వదలాలి. ఆ ఖాళీ వరుస వదలాలన్న సంగతి బహుశా నా దగ్గర లేని పేజీల్లో ఉందేమో, అది తెలుసుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం తెర మీద నా పేజీ కనిపించినప్పుడు ఇంటికి నడిచి వెళ్ళానో ఆటోలో వెళ్ళానో గుర్తు లేదు.

మా పెదనాన్నది పామర్రు దగ్గర ఒక పల్లెటూరు, కాలువ చిట్టచివరి ఊరు. పై ఊళ్ళన్నీ తాగి మిగిల్చిన నీళ్ళే వాళ్ళకు. ఊరి తూము దగ్గర కాలువ రెండు బోదెలుగా చీలుతుంది, పై బోదె, కింది బోదె. నీళ్ళు చాలని సంవత్సరాల్లో రెంటికీ ఒకేసారి వదలరు, వంతులు వేస్తారు. పొద్దున ఆరు గంటలకు వంతు మొదలు, మర్నాడు ఆరింటికి ఆఖరు. పైన లాకుల దగ్గర నీటి మట్టం బాగుంటే ఒకే బోదెకు వరసగా రెండు రోజులు ఇస్తారు, లేకపోతే ఒకటే. అది ఏ రోజుకారోజు సాయంత్రం నీటి సంఘం అధ్యక్షుడు తేలుస్తాడు. తూము తాళంచెవి మాత్రం మా పెదనాన్న మొలతాడుకు ఉండేది. ఆయనకు జీతం లేదు, పదవి లేదు. రెండు బోదెల వాళ్ళూ కలిసి నమ్మి ఇచ్చిన తాళంచెవి అది. ఇరవై ఆరేళ్ళు ఆయన దగ్గరుంది. తన పొలం పై బోదె కింద ఉన్నా, కింది బోదె వంతు రోజున ఆయన చేలోకి ఒక్క చుక్క పారిందని అన్నవాడు లేడు. ఇంట్లో మాత్రం పెద్దమ్మ సణిగేది. "ఊరందరి మడులూ తడిపి వస్తారు, మన మడి మాత్రం మన నోళ్ళలాగే ఎండుతుంది" అనేది. ఆయన వినిపించుకోకుండా తువ్వాలు దులుపుకుని అన్నానికి కూర్చునేవారు.

తూము గోడకు ఒక నల్ల బోర్డు ఉండేది. అధ్యక్షుడి దగ్గరి నుంచి కబురు రాగానే పెదనాన్న సుద్దముక్కతో దాని మీద రాసేవారు. ముందు తేదీ, పక్కన తిథి, దాని కింద ఎవరి వంతో. వాన పడితే బోర్డు చెరిగిపోయేది, ఎవరో ఒకరు పనిగట్టుకుని చెరిపేవారు కూడా. వంతులు చూపించే నా పేజీ సంగతి తెలిసి అధ్యక్షుడు ఆసక్తి చూపించాడు. సాయంత్రం ఆయన తన ఫోనులో వంతు మారుస్తాడు, ఊళ్ళో ఫోనున్నవాళ్ళంతా చూసుకుంటారు. పెదనాన్నకు నా మీద ఎంత సంబరమంటే, కొత్త ఫోను కొని, తూము దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చూపించారు. "మా తమ్ముడి కొడుకు చేశాడయ్యా. బెజవాడలో కూర్చుని మన తూము సంగతి చెబుతాడు" అనేవారు. బోర్డు ఇక ఎందుకు పెదనాన్నా అన్నాను. సరేలేరా అని దాన్ని విప్పి పశువుల పాకలో పెట్టించారు. అధ్యక్షుడు కూడా పేజీ ఉంది గదా అని కబురు చెప్పే మనిషిని పంపడం మానేశాడు.

అప్పటి ఫోన్లు చిన్న తెరలవి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించేవి, అందుకని వంతులు ఇంగ్లిషు అక్షరాల్లోనే రాశాను. పేజీ నెమ్మదిగా వచ్చేది. "ఏవయ్యా, నీ పేజీ వచ్చేలోపు మా వాళ్ళు ఒక చుట్ట కాల్చి రెండోది ముట్టిస్తున్నారు" అన్నాడు అధ్యక్షుడు. ఆ మాట నాకు తగిలింది. పేజీ రెండు వేల నూట నలభై బైట్లుంది. ఒక్కో రాత కొట్టేస్తూ, రంగులు తీసేస్తూ, పట్టిక గీతలు తీసేస్తూ నాలుగు వందల ఇరవై తొమ్మిదికి దించాను. అక్కడ ఆగితే బాగుండేది. తేదీకి అక్షరానికొకటి చొప్పున పది బైట్లు, ముందూ వెనకా గుర్తులకు ఏడు, మొత్తం పదిహేడు. ఇవాళ తేదీ ఎంతో ఎవరికి తెలియదు, ఫోను పైనే ఉంటుంది కదా అనుకున్నాను. ఆ వరుసను ప్రోగ్రాములోనే ఉంచి, పేజీలోకి రాకుండా ఆపేశాను. నాలుగు వందల పన్నెండు. ఆ అంకెను కాగితం మీద రాసి కింద రెండు గీతలు గీసుకున్నాను. పేజీని దాచుకోవద్దని ఫోనుకు చెప్పే వరుస ఒకటి ముందు పంపవచ్చునని నాకప్పటికి తెలియదు. అది తెలియనితనం. తేదీ తీసెయ్యడం మాత్రం బాగా లెక్క వేసుకుని చేసిన పని.

ఊడ్పుల కాలం. నీళ్ళు చాలక ఊరంతా ఆకాశం వైపూ, నా పేజీ వైపూ చూస్తోంది. ఒకరోజు పై బోదె వంతు నడిచింది. మర్నాడు తెల్లవారుజామున పెదనాన్న తూము దగ్గర నిలబడి ఫోను చూస్తే పై బోదె అనే ఉంది. రెండో రోజు కూడా మనకే ఇచ్చారన్నమాట అనుకుని పై బోదె తలుపు అలాగే ఉంచి, కింది బోదె తలుపుకు తాళం వేసే ఉంచి ఇంటికి వచ్చేశారు. నిజానికి ఆ వంతు కింది బోదెది. కింది బోదె మొదట్లో ఒక కౌలు రైతు ఉండేది. భర్త లేడు, రెండెకరాలు తనే చేసుకునేది. ముందు రోజు సాయంత్రం అధ్యక్షుడి ఇంటికి వెళ్ళి కనుక్కుని, ఆ రోజుకు బురద దున్నే దమ్ము ట్రాక్టరునూ ఊడ్పు ముఠానూ మాట్లాడుకుంది. ట్రాక్టరు వచ్చింది, ఆడవాళ్ళు గట్టు మీదికి వచ్చారు, చేలో మాత్రం నీళ్ళు లేవు. ఆమె బోదె వెంట నడుచుకుంటూ తూము దాకా వచ్చి చూసింది. తన వైపు తాళం. నీళ్ళు మాత్రం మా పెదనాన్న చేలో మిలమిల మెరుస్తున్నాయి. ఆయన పరుగున వచ్చి తాళం తీసేటప్పటికి ఎనిమిది దాటింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది, ముఠా ఇంకో ఊరికి ఒప్పుకుంది. మళ్ళీ వాళ్ళు దొరికేలోపు ఆమె నారు ముదిరిపోయింది. ఆ పూట ఆమె తిట్టలేదట. "బాబాయిగారూ, మీరు కూడానా" అని మాత్రం అందట.

ఆ సాయంత్రమే నీటి సంఘం వాళ్ళు ఆఫీసులో కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. పామర్రు బస్సులో కూర్చుని, సర్వరు రాసుకున్న చిట్టా అచ్చు తీసిన కాగితాన్ని రెండుసార్లు చూసుకున్నాను. ఏ నిమిషానికి వంతు మారింది, ఏ నిమిషానికి ఏ ఫోను పేజీ అడిగింది, అన్నీ అందులో ఉంటాయి. ముందు రోజు సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు అధ్యక్షుడు కింది బోదె అని మార్చిన వరుస స్పష్టంగా ఉంది. నా ప్రోగ్రాములో తప్పు లేదు. నా గుండె తేలికపడింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, పడిన మాట నిజం.

పెదనాన్న బల్లకు ఎదురుగా నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "పొద్దున నా ఫోనులో పై బోదె అనే ఉంది" అన్నారు. ఫోను తెరిచి చూపించమన్నారు. తెరిస్తే కింది బోదె అని ఉంది. ఎవరో వెనక నుంచి నవ్వారు. అధ్యక్షుడు మంచివాడే, దారి చూపించబోయాడు. "బావగారూ, చీకట్లో చూపు ఆనలేదేమో. పొరబాటని ఒక్క మాట అనండి, వదిలేద్దాం" అన్నాడు. "నా చూపుకేం లోటు లేదు. సూదిలో దారం ఎక్కిస్తాను, చూస్తావా?" అన్నారాయన. కౌలు రైతు గోడ వారన నిలబడి ఉంది. అప్పుడాయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పరా. దీన్ని చేసినవాడివి నువ్వు. ఆ పేజీ తప్పు చూపించే వీలేమైనా ఉందా?"

నేను కాగితం బల్ల మీద పరిచి, ఏడు గంటల పది నిమిషాల వరుస కింద గోరుతో గీత గీశాను. "లేదు పెదనాన్నా. ఒక్క శాతం కూడా లేదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. నేనేదో చదువుకున్న విషయం చెప్పాను కాబట్టి దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూశారు. "అయితే నేనే పొరబడి ఉంటాను" అన్నారు. మొలతాడు ముడి విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరూ వద్దనలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

పదకొండు రోజుల తర్వాత ఏదో పని మీద మళ్ళీ పామర్రు వైపు వెళ్ళాను. తిరుగు బస్సులో, చేల మధ్య సిగ్నలు లేని చోట, ఊసుపోక నా పేజీ తెరిచాను. తటాలున వచ్చింది. అంత తొందరగా వచ్చిందేమిటా అని మురిసిపోయి, చదివి, ఉలిక్కిపడ్డాను. అది నిన్నటి వంతు. సిగ్నలు అందనప్పుడు ఫోను తను దాచుకున్న పేజీనే చూపిస్తోంది. ఇది నిన్నటిది అని చెప్పే గుర్తు ఆ పేజీలో ఎక్కడా లేదు. ఇంటికి రాగానే ఆనాటి చిట్టా కాగితం తీశాను. ఏడు పది వరుస కింద నా గోటి గీత అలాగే ఉంది. దాని కింద తెల్లవారుజామున ఏ ఫోనూ పేజీ అడిగిన దాఖలా లేదు. ఆ పొద్దున తూము దగ్గర సిగ్నలు అంది ఉండదు. ఆయన ఫోను సర్వరును అడిగితే గదా వరుస పడేది. ఆయన పక్షాన సాక్ష్యం ఆ సాయంత్రం నా చేతిలోనే ఉంది. నాకు పనికొచ్చే వరుస దొరకగానే నేను చదవడం ఆపేశాను.

అప్పుడే లేచి పామర్రు బస్సెక్కి ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాను. ఎక్కలేదు. చుట్టుపక్కల మూడు ఊళ్ళ సంఘాల వాళ్ళు నా పేజీ తమకూ కావాలని అడుగుతున్న రోజులవి. దుకాణం మానేసి సొంతంగా పని పెట్టుకుందామని నేను అనుకుంటున్న రోజులు. మొదటి ఊళ్ళోనే తప్పు చూపించిందంటే ఎవరు తీసుకుంటారు? సమయం చూసి చెబుదాంలే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా తేదీ వరుసను మళ్ళీ పెట్టి కూర్చున్నాను.

రెండు రోజులకు పెదనాన్న ఫోను చేశారు. తాళంచెవి పోయినా పేజీ చూసే అలవాటు పోలేదన్నమాట. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పుల గురించీ గేదె ఈనడం గురించీ చెప్పారు. తర్వాత, "పేజీలో తేదీ వేశావే" అన్నారు.

"అవును పెదనాన్నా."

నేను చెప్పాలి. నోటి దాకా వచ్చింది కూడా. ఈలోపు ఆయనే "మంచి పని చేశావురా. ఇక ఎవరూ పొరబడరు" అని ఫోను పెట్టేశారు.

ఆయనకు అర్థమైంది. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు. ఒక్కనాడూ నన్ను అడగలేదు, ఇంకెవరితోనూ అనలేదు. నేను వెళితే ఎప్పటిలాగే "వచ్చావా అబ్బాయ్" అని కుర్చీ తుడిచి వేసేవారు. ఊళ్ళో మాత్రం అదొక సామెత అయింది. ఎవడైనా వంతు తప్పి మడి తడుపుకుంటే, "పెద్దాయన ఫోను అరువు తెచ్చుకున్నాడ్రా" అనేవారు. నా ముందే అనేవారు, నేను ఆయన మనిషినని మరిచిపోయి. ఒకసారి నేనూ నవ్వాను. మూడు ఊళ్ళు పన్నెండు ఊళ్ళయ్యాయి, పటమటలో చిన్న ఆఫీసు పెట్టాను, పెళ్ళి చేసుకున్నాను. సమయం చూసి చెబుదామనుకున్న మాటకు ఏ సమయమూ నచ్చలేదు.

పెదనాన్న పెద్దకర్మ రోజున, భోజనాలయ్యాక, అధ్యక్షుణ్ణి పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ విన్నాడు. "ఇప్పుడెందుకులే అబ్బాయ్. పోయినాయన పోయాడు. పన్నెండూళ్ళలో నీ పేరెందుకు పోగొట్టుకుంటావు?" అన్నాడు. ఆ సలహా వినడానికి హాయిగా ఉంది. అందుకే అక్కడ ఆగకుండా కౌలు రైతు ఇంటికి వెళ్ళాను. ఆమె భోజనాలకు రాలేదు. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, నేను చెప్పింది చివరిదాకా వింది. ఆ పేజీ ఎలా పనిచేస్తుందో, ఫోను పాతదాన్ని ఎలా దాచుకుంటుందో, చిట్టాలో ఏ వరుస లేదో అన్నీ వివరంగా చెప్పాను. లెక్క ఒప్పజెప్పినట్టే చెప్పాను. నాకు ఇంకో విధంగా చెప్పడం రాదు.

"ఈ మాట ఆ రోజు ఆ బల్ల దగ్గర అనాల్సింది అన్నయ్యగారూ" అంది. "నాలుగేళ్ళు, ఆయన ఎదురొస్తే మొహం తిప్పుకుని పోయాను. రోజుకు రెండుసార్లు, చేలోకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఆయనే పలకరించేవారు, ఏమ్మా అని. నేను పలికేదాన్ని కాదు. ఇప్పుడు మీరొచ్చి ఈ మాట చెప్పి మీ బరువు దింపుకుని పోతారు. నేనెక్కడికి పోయి దింపుకోను?" అంది. చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కూర్చోమనలేదు.

ఆమె చెప్పిన లెక్క నేను బస్సులో వేసి చూశాను. రోజుకు రెండుసార్లు, నాలుగేళ్ళు. సెలవు రోజులూ వానలూ తీసేసినా రెండు వేలు దాటుతుంది. అన్నిసార్లు ఆ మనిషి, తను చెయ్యని తప్పుకు మొహం తిప్పుకున్న ఒక ఆడమనిషిని, ఏమ్మా అని పలకరించి, జవాబు లేకుండా ముందుకు నడిచారు. అంతకాలమూ ఆయనకు నిజం తెలుసు, నాకూ తెలుసు. అన్ని గాయాలనూ కాలమే మాన్పుతుందని అందరూ అంటారు. నేను చూసిన కాలం దేన్నీ మాన్పలేదు, క్షమాపణ ఎవరిని అడగాలో ఆ మనిషిని తీసుకుపోయి, అడగవలసినవాణ్ణి మాత్రం ఇక్కడ ఉంచింది.